గోడ అవతలి పువ్వులు

నాంచారయ్యకి ఇరవై ఐదో ఏడు నడుస్తోంది. వాడి బాధల్లా అదే.

ఎందుకంటే బెజవాడలో ఒక పెద్ద సంస్థవాళ్ళు ఏటా జనవరిలో తమ బాస్కెట్‌బాల్ జట్టుకి మనుషుల్ని ఎంచుకుంటారు. జట్టులోకి తీసుకున్నారంటే ఉద్యోగం ఇచ్చినట్టే. ఇరవై ఐదు నిండితే మాత్రం గేటు దగ్గరికి కూడా రానివ్వరు. నాంచారయ్య అప్పటికి రెండేళ్ళు వెళ్ళాడు, రెండేళ్ళూ ఖాళీ చేతుల్తో తిరిగొచ్చాడు. రెండోసారి అక్కడి సెలక్టరుగారు, తెల్లమీసాలాయన, వీణ్ణి పైనుంచి కిందిదాకా చూసి, "తాటిచెట్టంత ఉన్నావయ్యా. కానీ తాటిచెట్టు చుట్టూ ఎవడైనా తిరిగెళ్ళిపోతాడు" అన్నారట.

ఆ మాట వాడి చెవిలోంచి పోలేదు.

ఆరడుగుల ఎనిమిదంగుళాల మనిషి. గిలకలదిండి రేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో ఐసు గడ్డలు మోసే పని. వాళ్ళ నాన్న వల అల్లితే బందరంతా చెప్పుకునేవాళ్ళు. కొడుక్కేమో సముద్రం పడదు. పడవ ఒడ్డు దాటిందో లేదో వాంతులు. "దేవుడు నాకు ఎవరి కొలతలో ఇచ్చేశాడురా" అని నవ్వేవాడు. నవ్వి, చేతులు చూసుకునేవాడు. ఈ జనవరి దాటితే ఇక జీవితమంతా ఆ చలిగదే అని వాడికి తెలుసు.

నేను వాడి జట్టులోనే ఆడేవాణ్ణి. ఐదడుగుల నాలుగు. అందరూ బుడ్డోడు అనేవాళ్ళు. వాడికి బంతి అందించడమే నా పని కాబట్టి ఇదంతా పక్కనుండి చూశాను. మీకు బాస్కెట్‌బాల్ తెలియకపోయినా పర్లేదు, అర్థమైపోతుంది.

మా గురువు మీరావలి మేస్టారు. ముప్పై ఏళ్ళు డ్రిల్లు మేస్టారుగా చేసి రిటైరైన మనిషి. నాకంటే ఓ రెండంగుళాలు పొడుగేమో. ఒక మోకాలు పూర్తిగా వంగదు. లుంగీ, తెల్ల లాల్చీ, మెడలో విజిలు. ఆ విజిలు ఊదగా నేనెప్పుడూ వినలేదు.

సముద్రం వైపు చివరి వీధిలో ఉండేది మా కోర్టు. సిమెంటు నేల. ఒక పక్క రింగు ఎప్పుడో విరిగిపోయింది, ఉన్నది ఒక్కటే. దాని వెనక ఇనప రేకు పలక, నిండా తుప్పు. రింగుకి కట్టిన వల మాత్రం నాంచారయ్య నాన్న అల్లింది, చేపల వల దారంతోనే. బంతి అందులోంచి దిగితే సుయ్‌మని ఒక చిన్న శబ్దం వచ్చేది. ఆ శబ్దం ఇంకెక్కడా వినలేదు నేను.

రాత్రంతా గాలికి సన్నటి ఇసుక వచ్చి కోర్టు మీద పరుచుకునేది. మేస్టారి దగ్గర ఉన్న నియమం ఒక్కటే. ఆడి వెళ్ళేవాడు తన అడుగులు తనే ఊడ్చేసి వెళ్ళాలి. ఈత చీపురు గోడకి ఆనించి ఉండేది. ఊడ్చేముందు ఆయన వచ్చి ఆ అడుగుల్ని చూసేవారు, పొద్దున్నే పేపరు చదువుకుంటున్నట్టు. ఎవడు ఏ కాలి మీద తిరిగాడు, ఎవడు తొందరపడ్డాడు, ఎవడు భయపడ్డాడు, అన్నీ అందులోనే కనపడేవి ఆయనకి.

నాంచారయ్య ఊడ్చేవాడు కాదు.

"నడుం వంచి లేచేసరికి నాకు పూట గడిచిపోద్ది మేస్టారూ" అని తప్పించుకునేవాడు. వాడి అడుగులు నేను ఊడ్చేవాణ్ణి. మేస్టారు చూసేవారు. ఏమీ అనేవారు కాదు.

డిసెంబరు మొదట్లో ఒకరోజు నాంచారయ్య ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మేస్టారూ, నాకు ఒక్కటంటే ఒక్కటి నేర్పండి. ఎవడి సాయం లేకుండా, నా అంతట నేను షాట్ తయారుచేసుకునేది. ఈసారి నన్నెవడూ తాటిచెట్టు అనకూడదు."

"షాట్ మనం తయారుచేస్తామా?" అన్నారు మేస్టారు.

"మరి?"

"రేపు పొద్దున్నే రా."

బందరులో ఆ నెలలో మంచు పడితే, ఊరు ఎక్కడికో వెళ్ళిపోయి ఇంకా తిరిగి రాలేదేమో అనిపిస్తుంది. తెల్లారిందని తెలుస్తుంది గానీ ఎక్కడ తెల్లారిందో తెలీదు. రేవులో పడవలవాళ్ళ మాటలు మన చెవి పక్కనే వినపడతాయి, మనిషి మటుకు ఉండడు. కోర్టులో నిలబడితే రింగు కనపడదు. బంతి తెల్లటి దాంట్లోంచి పుట్టుకొచ్చి చేతుల్లో పడేది.

ఆ మంచులోనే రోజూ ఆట. నలుగురైదుగురం ఒకపక్క, నాంచారయ్య రింగు కింద. మేమొచ్చి షాట్ వెయ్యాలి, వాడు ఆపాలి. మనం రింగు మీదకి వేసిన బంతిని గాల్లోనే కొట్టెయ్యడాన్ని బ్లాక్ అంటారు. నాంచారయ్యకి అదొక పండగ. ఐసు గడ్డలు ఎత్తిన చెయ్యి. ఫట్‌మని కొట్టాడంటే బంతి కోర్టు దాటి, పక్కగోడ దాటి, మంచులో మాయమైపోయేది.

గోడ అవతల రహమతమ్మ కలంకారీ షెడ్డు. అచ్చులు అద్దడం ఆవిడ అత్తగారి నుంచి వచ్చిన పని. పొద్దున్నే తానులు తానులుగా గుడ్డ దండేల మీద ఆరేసుకునేది. బంతి అక్కడ పడగానే మంచులోంచి గొంతొచ్చేది.

"మీరావలి భాయ్! వచ్చాడండీ మీ చందమామ!"

"వస్తున్నా ఆపా." అక్కా అనడానికి ఆపా అనేవారు మేస్టారు.

"మీ కొబ్బరిచెట్టుకి కాస్త చెప్పండి, కాయలు వాళ్ళ దొడ్లోనే రాల్చుకోమని!"

నాంచారయ్య పగలబడి నవ్వేవాడు. "చూశావా బుడ్డోడా, బంతికి కూడా దారి తెలిసిపోయింది" అనేవాడు.

మేస్టారు లేచేవారు. వంగని కాలు ఈడ్చుకుంటూ గోడ చివర్న ఉన్న సందు దాకా నడిచి, అటు వెళ్ళేవారు. మేమంతా ఆట ఆపి నిలబడేవాళ్ళం. పది నిమిషాలయ్యేది, ఒక్కోసారి పావుగంట. చంకలో బంతి పెట్టుకుని తిరిగొచ్చేవారు. వేళ్ళ కొసలు నల్లగా ఉండేవి. ఎందుకు నల్లగా ఉన్నాయని మేమెవరమూ అడగలేదు.

ఒకరోజు నేనే ఉండబట్టలేక, "నేను తెస్తా మేస్టారూ, మీరు కూర్చోండి" అన్నాను.

"నువ్వు కొట్టావా?"

"లేదండీ."

"మరి నువ్వెందుకు?"

ఆయన మాత్రం కొట్టారా? ఆ మాట నా నోటిదాకా వచ్చింది, పైకి రాలేదు. నాంచారయ్య వింటూనే ఉన్నాడు. షూ లేసు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు.

అలా ఇరవై రోజులు గడిచాయి. మేస్టారు వాడికి ఒక్క ముక్క చెప్పలేదు. సెలక్షన్లు పదిహేను రోజుల్లోకి వచ్చేశాయి. ఆరోజు నాంచారయ్య వస్తూనే బంతి నేలకేసి కొట్టాడు.

"ఇక నావల్ల కాదు మేస్టారూ. ఒక్కటి నేర్పమన్నాను. ఇరవై రోజుల్నుంచి నేను మంచులో నిలబడి ఉన్నాను, మీరు గోడ చుట్టూ తిరుగుతున్నారు. చెప్పడం ఇష్టం లేకపోతే లేదని చెప్పెయ్యండి. ఐసు గదికి పోతాను."

మేస్టారు చీపురు పక్కన పెట్టారు. వచ్చి వాడి వెనక నిలబడ్డారు. వాడి భుజం దాకా ఉన్నారు మనిషి.

"వీపు ఆనించు. నెట్టు."

పొడుగు ఆటగాళ్ళ పని ఇదే. రింగుకి వీపు పెట్టి, వెనకున్నవాణ్ణి వీపుతో నెట్టుకుంటూ రింగు దగ్గరికి జరుగుతారు. ఎంత దగ్గరికి జరిగితే షాట్ అంత తేలిక. నాంచారయ్య బలమంతా అందులోనే ఉండేది.

"మీరు పడిపోతారు మేస్టారూ."

"నెట్టరా."

వాడు మెల్లగా నెట్టాడు. మేస్టారు కదల్లేదు. ఇంకొంచెం నెట్టాడు. కదల్లేదు. వాడికి రోషం వచ్చింది. ఎనభై ఏళ్ళ గోడని నెడుతున్నట్టుంది, ఈ ముసలాయనకి ఇంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందిరా అనుకున్నానని తర్వాత నాతో చెప్పాడు. మడమలు తన్నిపట్టి, పళ్ళు బిగించి, ఉన్న బరువంతా వెనక్కి వేశాడు.

మేస్టారు పక్కకి తప్పుకున్నారు.

ఆరడుగుల ఎనిమిదంగుళాలు పడటానికి కొంచెం టైము పడుతుంది. చేతులు గాల్లో ఏదో పట్టుకోబోయాయి. తర్వాత దభీమని చప్పుడు. తర్వాత ఏమీ లేదు. వాడు వెల్లకిలా పడి తెల్లటి ఆకాశంలోకి చూస్తున్నాడు. నాకు నవ్వొచ్చింది, భయమూ వేసింది.

మంచులో ఎక్కణ్ణుంచో మేస్టారి గొంతు. "ఎవరు తోశారు?"

"ఎవరూ తొయ్యలేదు."

"మరెందుకు పడ్డావు?"

వాడు మోచేతుల మీద లేచి కూర్చున్నాడు.

మేస్టారు వచ్చి వాడు నిలబడ్డ చోట చూపుడువేలు పెట్టారు. ఇసుకలో రెండు మడమ గుర్తులు, గిన్నెలతో నొక్కినట్టు లోతుగా. ముందు పాదం గుర్తే లేదు.

"ఇంతసేపూ నువ్వు నా మీద నిలబడ్డావు" అన్నారు.

నాంచారయ్య లేచి, దులుపుకుని వెళ్ళిపోయాడు. వాడి అడుగులు నేనే ఊడ్చాను.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడోరోజు నేనే ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళాను. చలిగది తలుపు తీస్తే లోపలా మంచే. ఆ పొగలో, మనిషెత్తు పేర్చిన ఐసు గడ్డలకి వీపు పెట్టి నిలబడి ఉన్నాడు వాడు, కళ్ళు మూసుకుని.

"ఏం చేస్తున్నావురా?"

"ష్."

"పిచ్చి పట్టిందా? వీపు గడ్డకట్టుకుపోద్ది."

"గట్టిగా నెడితే జారి నామీదే పడతాయి. వదిలేస్తే అవి ఎక్కడున్నాయో నాకు తెలీదు." కళ్ళు తెరవకుండానే చెప్పాడు. "ఆనుకోకుండా ఆనడం ఎలాగో చూస్తున్నా."

మర్నాడు తెల్లారేసరికి కోర్టులో ఉన్నాడు. మేస్టారు వాడి వెనక్కి వెళ్ళి నిలబడ్డారు, అంతే.

ఆ రోజులు తల్చుకుంటే నాకు ఇప్పటికీ నిద్రలో నడిచినట్టే ఉంటుంది. తెల్లటి మంచు, మధ్యలో వాళ్ళిద్దరూ, ఒక పెద్ద నీడ వెనక ఒక చిన్న నీడ. మేస్టారు ఒకసారి అరచెయ్యి ఆనించేవారు. ఒకసారి రెండు వేళ్ళే. ఒక్కోసారి భుజం వేసి బలంగా తోసేవారు, అంతలోనే మాయమయ్యేవారు. నాంచారయ్య మోకాళ్ళు కొంచెం వంచి, బరువు రెండు పాదాల మీదా సమంగా పెట్టి, వినేవాడు. అవును, వినడమే. వీపుతో వినేవాడు.

"ఎక్కడున్నాను?"

"ఎడమ రెక్క దగ్గర."

"ఇప్పుడు?"

"నడుం దగ్గర. మధ్యలో."

"ఇప్పుడు?"

"లేరు."

"షాట్ ఎక్కడుంది?"

నాంచారయ్య కళ్ళు మూసుకున్నాడు. రేవులో ఎవరో ఎవర్నో పిలుస్తున్నారు. రింగు నుంచి మంచునీళ్ళు టపటపా కారుతున్నాయి.

"మీరు లేనిచోట" అన్నాడు.

మేస్టారు నా వైపు తిరిగి, "బంతి ఇవ్వు" అన్నారు.

ఇచ్చాను. ఎడమ రెక్క మీద మేస్టారి చెయ్యి. నాంచారయ్య ఎడమ పాదం నేలలో పాతినట్టు ఉంచి, కుడికాలు వెనక్కి వేసి, ఆ ఖాళీలోకి తిరిగాడు. చెయ్యి తల పక్కనుంచి పైకి లేచింది, అటకమీద చెంబు పెడుతున్నంత మెల్లగా. బంతి మంచులోకి వెళ్ళిపోయింది. మేము ముగ్గురం ఏమీ కనపడని చోటుకి చూస్తూ నిలబడ్డాం.

సుయ్‌మంది వల.

ఇక అక్కణ్ణుంచి వాడికి ఆకలిదప్పులు లేవు. ఎడమ చెయ్యి తగిలితే కుడికి, కుడి తగిలితే ఎడమకి, రెండూ లేకపోతే నేరుగా. ముందు అటు వెళ్తున్నట్టు భుజం ఊపి, వెనకున్నవాడి బరువు అటు వెళ్ళాక ఇటు తిరిగేవాడు. వారం తిరిగేసరికి నాతో పాటు ముగ్గురం మీద పడినా ఆపలేకపోయాం. ఇసుకలో వాడి అడుగుల్ని నేనూ చదవగలుగుతున్నాను. మడమల గుంటలు లేవు. ఎడమ పాదం ఉన్నచోట, కంపాసుతో గీసినట్టు, ఒక చిన్న గుండ్రం.

సెలక్షన్లకి ముందురోజు వాడు మేస్టారి కాళ్ళకి దణ్ణం పెట్టాడు. పెట్టి, లేస్తూ నవ్వాడు.

"షాట్ వచ్చేసింది మేస్టారూ. డిఫెన్సంటే నాకెప్పుడూ లోటు లేదుగా. నాముందు బంతి ఎత్తాలంటే ఎవడికైనా దడే."

అంతకు కాస్త ముందే కొట్టాడు ఒకటి. అది గోడ దాటిపోయింది. రహమతమ్మ ఇంకా పిలవలేదు.

మేస్టారు వాడి ముంజెయ్యి పట్టుకున్నారు. "రా."

సందులోంచి గోడ అవతలికి వెళ్ళాం. ఇన్నేళ్ళలో నేను అటు వెళ్ళడం అదే మొదలు. దండేల మీద గుడ్డలు మంచులో వేలాడుతున్నాయి, లేత పసుపువి, ఒకదాని వెనక ఒకటి. ఎక్కడ గుడ్డ అయిపోయి మంచు మొదలవుతోందో తెలీడం లేదు. గుడ్డకి పట్టించిన కరక్కాయ వాసన, గేదెపాల వాసన. వాటి మధ్యలోంచి రహమతమ్మ వచ్చింది, బంతి చేత్తో పట్టుకుని. చిన్న మనిషి, పెద్ద గొంతు.

"ఓహో, చెట్టే నడిచొచ్చిందే ఇవాళ!" అని నాంచారయ్యని పైకి చూసింది. "వొంగు నాయనా, దండెం మెడకి తగులుకుంటుంది."

వాడు వొంగాడు.

"ఆపా, ఆ దుప్పటి చూపించండి" అన్నారు మేస్టారు.

ఆవిడ షెడ్డులోంచి ఒక మడత తెచ్చి పరిచింది. మంచమంత గుడ్డ. అంచు చుట్టూ తీగ, వరస తప్పకుండా చక్కగా అద్దిన తీగ. మధ్యలో మాత్రం పువ్వులు ఎక్కడపడితే అక్కడ. ఒకచోట రెండు ఒకదాన్నొకటి తోసుకుంటూ, ఒకటి ఓ మూలకి పారిపోతూ, ఒకటి సగం అంచు మీదకి ఎక్కి. ఏ పువ్వు చూసినా నడిబొడ్డున గుండ్రటి నల్ల మచ్చ, చుట్టూ నల్లగీతల రేకులు.

"ఇదేం డిజైనమ్మా?" అన్నాడు నాంచారయ్య.

"నన్నడుగుతావే? నీదేగా!" ఆవిడ నడుమ్మీద చెయ్యి పెట్టుకుంది. "ఇది కరక్కాయ పట్టించిన గుడ్డ నాయనా. దీనికి తుప్పు తగిలిందా, అంతే, నల్లబడుతుంది. కాలవలో వారం రోజులు జాడించినా పోదు. మీ ఇనప పలకకి తగిలి తగిలి ఆ బంతి నిండా తుప్పేగా! మొదటి మచ్చ పడ్డప్పుడు మీ మేస్టారిని తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టాను. ఈయనేమో మాట్లాడకుండా అచ్చు తీసుకుని, ఆ మచ్చ చుట్టూ రేకులు అద్దాడు. డ్రిల్లు మేస్టారికి అచ్చెలా పట్టుకోవాలో తెలుసా? మొదటి పువ్వు చూడు, పకోడీలా ఉంది. తర్వాత్తర్వాత చెయ్యి కుదిరింది. ఇక పాడయ్యేది ఈ ఒక్క తానే అవ్వాలని రోజూ దీన్నే గోడ పక్కన కట్టాం."

నాంచారయ్య లెక్కపెట్టాడు. వేలు గాల్లో పెట్టి, పెదాలు కదుపుతూ. నేనూ లెక్కపెట్టాను. ఇరవై మూడు.

మేస్టారి వేళ్ళ కొసలు ఆరోజూ నల్లగానే ఉన్నాయి.

"ఇన్నిసార్లు కొట్టావు" అన్నారాయన మెల్లగా. "ఒక్కసారైనా పట్టుకున్నావా?"

నాంచారయ్య రహమతమ్మ చేతిలోంచి బంతి తీసుకున్నాడు, రెండు చేతులా, ఏదో పసిబిడ్డని అందుకుంటున్నట్టు. బనీను అంచుతో దాని మీది తుప్పు తుడుస్తూ, తుడుస్తూ, అలాగే నిలబడిపోయాడు.

బెజవాడకి మేస్టారు రాలేదు. రమ్మంటే, "నేనెందుకు? నీ వెనక అక్కడ వేరేవాడు ఉంటాడుగా" అన్నారు. నేనే వెంట వెళ్ళాను. గ్యాలరీలో కూర్చున్నాను.

పైన రేకుల కప్పు, కింద నున్నటి చెక్క నేల, లైట్లు. మంచు లేదు, ఇసుక లేదు. వచ్చినవాళ్ళని రెండు జట్లు చేసి ఆడించారు. నాంచారయ్యకి ఎదురు ఓబులేసని కడప వైపు కుర్రాడు. వీడికంటే మూడంగుళాలు పొట్టి, అడ్డంలో మటుకు వీడికి రెండింతలు. వీడు వీపు పెట్టగానే వాడన్నాడు, "ఏమన్నా, ఎండు చేప వాసనొస్తాండావే!"

"రేవు మనిషిని మరి" అన్నాడు నాంచారయ్య.

పక్కన తెల్లమీసాల సెలక్టరుగారు కాగితం పట్టుకుని నిలబడి ఉన్నారు.

మొదటిసారి బంతి అందింది. ఓబులేసు వెనకనుంచి కొండలా ఒత్తాడు. అందరూ వీడు తిరిగి నెడతాడనే అనుకున్నారు. ఓబులేసు కూడా అదే అనుకుని, తెలివిగా చటుక్కున పక్కకి తప్పుకున్నాడు, కింద నుంచి కుర్చీ లాగేసినట్టు.

నేను లేచి నిలబడ్డాను.

నాంచారయ్య అక్కడే నిలబడి ఉన్నాడు. రెండు పాదాల మీద. ఆ ఖాళీలోకి ఒక్క అడుగు వేసి, తిరిగి, బంతిని మెల్లగా వదిలాడు. నేను మటుకు కళ్ళు మూసుకుని విన్నాను. అక్కడి వల నైలానుది, శబ్దం వేరే. అయినా నాకు మా వలే వినిపించింది.

తర్వాత ఓబులేసు మాటలు తగ్గాయి. ఎడమకి ఒత్తితే వీడు కుడికి, కుడికి ఒత్తితే ఎడమకి.

ఆట ఆఖరి నిమిషం. రెండు జట్లూ సమానం. ఈసారి బంతి ఓబులేసు చేతిలో, రింగు కింద. నాంచారయ్య ముందు. ఓబులేసు బంతి ఎత్తినట్టు ఎత్తి దించాడు. అది ఎర. మామూలుగా అయితే వీడు ఆకాశానికి ఎగిరి ఉండేవాడు. ఎగరలేదు. చేతులు పైకెత్తి నిలబడ్డాడు. ఓబులేసు ఇంకోసారి ఎత్తి దించాడు. ఎగరలేదు. నా చుట్టూ ఉన్నవాళ్ళు "కొట్టు! కొట్టు!" అని అరుస్తున్నారు.

మూడోసారి నిజంగా వేశాడు.

నాంచారయ్య ముందుకి పోలేదు, పక్కకి పోలేదు. ఉన్నచోటే నిటారుగా లేచాడు. చెయ్యి వెనక్కి లాగి కొట్టలేదు. అరచెయ్యి తెరిచి బంతి దారిలో ఉంచాడంతే. బంతి వచ్చి అందులో ఆగింది. నాకు నిజంగా ఆగినట్టే అనిపించింది, అంత పెద్ద హాల్లో ఒక్క చప్పుడు లేకుండా. రెండో చెయ్యి కింద పట్టి, దాన్ని గుండెకి ఆనించుకుని, నేల మీదకి దిగాడు. ఎదురుగా పరిగెడుతున్న తన జట్టు కుర్రాడికి అందించాడు. ఆ కుర్రాడు అవతలి రింగులో వేసేశాడు.

చప్పట్లు ఆ కుర్రాడికి కొట్టారు జనం.

సెలక్టరుగారు కాగితం మీద ఏదో రాసుకున్నారు. రాసుకుని, నాంచారయ్య దగ్గరికొచ్చి, "కొట్టి ఉంటే గ్యాలరీలో పడేదిగా?" అన్నారు.

"పడేదండీ."

"మరి?"

నాంచారయ్య తల వంచుకున్నాడు. "అక్కడ ఎవరో గుడ్డలు ఆరేసుకుంటారండీ" అన్నాడు.

ఆయనకేం అర్థమైందో నాకు తెలీదు. నవ్వలేదు మాత్రం.

వారానికి ఉత్తరం వచ్చింది. ఉద్యోగంలో చేరమని.

బెజవాడ బస్సు ఎక్కాల్సిన రోజు, తెల్లారుతూనే వాడు కోర్టుకి వచ్చాడు. నేను బ్యాగు పట్టుకుని గోడ దగ్గర నిలబడ్డాను. మంచు ఎప్పటికంటే దట్టంగా ఉంది. వాడు కోర్టు మధ్యకి నడిచాడు. సగం మనిషే కనపడుతున్నాడు నాకు.

బంతి పట్టుకుని, రింగుకి వీపు పెట్టి, మోకాళ్ళు వంచాడు.

"మేస్టారూ, ఉన్నారా?"

వాడు వీపుతో విన్నాడు. చాలాసేపు విన్నాడు. వెనక ఎవరూ లేరు. వాడు పడలేదు. మెల్లగా తిరిగాడు, చెయ్యి లేచింది, బంతి తెల్లదనంలోకి వెళ్ళిపోయింది.

సుయ్‌మంది వల.

అప్పుడు గోడ అవతలి నుంచి, గుడ్డల మధ్యలోంచి, మేస్టారి గొంతు వచ్చింది.

"పడ్డావా?"

"లేదు మేస్టారూ."

అచ్చు మీద అరచేత్తో మెత్తగా కొట్టిన చప్పుడు, ఒకటి, రెండు.

"అయితే ఊడ్చేసి వెళ్ళు."

నాంచారయ్య గోడ దగ్గరికి వచ్చాడు. నేను చీపురు అందుకోబోయాను. వాడు నా చెయ్యి పక్కకి జరిపి, తనే తీసుకుని, నడుం వంచాడు.